మీకు తెలుసా? నీళ్ల సీసాల వెనక డ్రైవర్ లేని బండ్లు

◆ లీటరు నీళ్లు కిలో బరువని బడిలోనే చదువుకున్నాం. ఆ లెక్కను ఒకసారి నీళ్ల ఫ్యాక్టరీకి తీసుకెళ్దాం. గంటకు 24 వేల లీటరు సీసాలు నింపే లైన్ ఉందనుకోండి. అదేమీ మరీ పెద్దది కాదు, అరలీటరు సీసాలు గంటకు 80 వేలకు పైగా నింపే లైన్లు కూడా ప్రపంచంలో ఉన్నాయి. ఈ మధ్యరకం లైన్ నుంచే గంటకు 24 టన్నుల బరువు బయటికొస్తుంది. మూడు షిఫ్టులూ నడిస్తే రోజుకు 576 టన్నులు.

మరి ధర? రైల్వే స్టేషన్‌లో లీటరు రైల్ నీర్ 14 రూపాయలు. ఆ పద్నాలుగులోనే సీసా, మూత, లేబులు, కరెంటు, లారీ కిరాయి, కొట్టువాడి లాభం అన్నీ సర్దుకోవాలి. కిరాణా కొట్లో అయొడైజ్డ్ ఉప్పు ప్యాకెట్ కూడా కిలో అంతకన్నా ఎక్కువే పలుకుతుంది. ఇంత బరువూ ఇంత చవకా అయిన సరుకును ఒకచోట ఎత్తి మరోచోట దించిన ప్రతిసారీ లాభంలో ముక్క తెగిపోతుంది. అందుకే నా దృష్టిలో నీళ్ల ఫ్యాక్టరీలో అసలు పని శుద్ధి కాదు, మోత. శుద్ధి సంగతి పైపులు, ఫిల్టర్లు చూసుకుంటాయి. తలనొప్పంతా సీసాకు మూత పడ్డాకే మొదలవుతుంది. ఏజీవీ, అంటే ఆటోమేటెడ్ గైడెడ్ వెహికల్, అడుగుపెట్టింది అక్కడే.

◆ ఏజీవీని తొలిసారి చూస్తే, ఫోర్క్‌లిఫ్ట్ నుంచి సీటూ స్టీరింగూ పీకేశారేమో అనిపిస్తుంది. ముందు రెండు ఇనుప ఫోర్కులు, వెనక బ్యాటరీ పెట్టె, పైన గడ మీద గిరగిరా తిరిగే చిన్న డబ్బా, కింద మూలల్లో పసుపు రంగు సెన్సర్లు. మనిషి కూర్చునే చోటే ఉండదు.

దాని అవసరం తెలియాలంటే ఇంకో లెక్క వెయ్యాలి. పన్నెండు లీటరు సీసాలను ఫిల్మ్‌తో బిగిస్తే ఒక కేసు. పదిహేను కేసులు ఒక వరుస, అలా నాలుగు వరుసలు పేరిస్తే ఒక ప్యాలెట్. అంటే కింద చెక్క చట్రం, పైన 720 సీసాలు, ముప్పావు టన్నుకు అటూ ఇటూగా. పేర్చే పని రోబో చేస్తుంది, చుట్టూ ఫిల్మ్ చుట్టడానికి ఇంకో యంత్రం ఉంటుంది. మన 24 వేల సీసాల లైన్ చివర ఇలాంటి ప్యాలెట్ ప్రతి 108 సెకన్లకు ఒకటి సిద్ధమవుతుంది. దాన్ని తియ్యకపోతే కన్వేయర్ నిండిపోతుంది, వెనక ఫిల్మ్ యంత్రం ఆగుతుంది, దాని వెనక సీసాలు నింపే ఫిల్లరూ ఆగుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ టీకి వెళ్లి పది నిమిషాలు లేటు చేశాడంటే నాలుగు వేల సీసాలు పోయినట్టే. ఒక్కో ప్యాలెట్‌ను ఎత్తి గోడౌన్‌లో దించి రావడానికి ఏజీవీకి నాలుగు నిమిషాలు పడితే, ఆ లైన్‌కు మూడు బండ్లు సరిపోతాయి. మూడూ టీ తాగవు. చార్జింగ్‌కు మాత్రం వెళ్తాయి.

◆ ఇదేదో ఈ పదేళ్లలో పుట్టిన టెక్నాలజీ అనుకుంటాం. కాదు. అమెరికాలో బారెట్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ 1950ల్లోనే డ్రైవర్ లేకుండా తీగ వెంట నడిచే లాగుడు బండిని తయారుచేసి అమ్మింది. తీగలో కరెంటు సంకేతం పారుతుంటే బండి దాన్ని పసిగడుతూ వెళ్లేది. ఆ తరవాత నేలను సన్నగా కోసి, తీగ పరిచి, మీద పూడ్చే పద్ధతి చాలాకాలం నడిచింది. దారి మార్చాలంటే మళ్లీ నేల తవ్వాల్సిందే!

1974లో స్వీడన్‌లోని కాల్మార్‌లో వోల్వో కంపెనీ ఏకంగా కార్ల ఫ్యాక్టరీనే ఇలాంటి బండ్ల మీద నడిపింది. కన్వేయర్ బెల్టు బదులు ఒక్కో కారు బాడీని ఒక్కో బండి మోసుకుంటూ ఒక బృందం దగ్గర్నుంచి ఇంకో బృందం దగ్గరికి తీసుకెళ్లేది. 1993లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ ఓడరేవులో కంటెయినర్లు మోయడానికీ ఇవే వచ్చాయి. వాటితో పోలిస్తే మన నీళ్ల కేసు తేలికే.

◆ తల మీద గిరగిరా తిరిగే డబ్బా ఏమిటో తెలుసా? లేజర్. సెకనుకు కొన్నిసార్లు తిరుగుతూ గోడౌన్ చుట్టూ కాంతి గీతను విసురుతుంది. స్తంభాలకూ గోడలకూ అక్కడక్కడా రిఫ్లెక్టర్ పట్టీలు అంటించి ఉంటాయి, హైవే బోర్డుల మీద వాడే రకమే. ఎటునుంచి కాంతి పడితే అటే వెనక్కి పంపడం వాటి గుణం. కనీసం మూడు పట్టీల నుంచి తిరిగొచ్చిన కాంతి ఏ కోణంలో వచ్చిందో చూసుకుని, తన దగ్గరున్న మ్యాపుతో సరిపోల్చుకుని, తానెక్కడుందో బండి లెక్క కట్టుకుంటుంది. తేడా సెంటీమీటరుకు అటూ ఇటూ. నేల తవ్వే పని తప్పిపోయింది. దారి మార్చాలంటే కంప్యూటర్‌లో గీత మారిస్తే చాలు.

పట్టీలు కూడా అక్కర్లేకుండా గోడలను, స్తంభాలను, అరలను చూసి దారి పట్టుకునే కొత్తరకం బండ్లు ఇప్పుడొచ్చాయి. కానీ నీళ్ల గోడౌన్‌లో వాటికో చిక్కుంది. అక్కడ ప్యాలెట్ల మీద ప్యాలెట్లు పెట్టి గోడల్లా పేరుస్తారు. పొద్దున ఉన్న గోడ సాయంత్రానికి లారీలెక్కి వెళ్లిపోతుంది, రాత్రికి ఇంకోచోట కొత్త గోడ లేస్తుంది. చుట్టుపక్కలవే గుర్తులనుకునే బండికి ఇది పరీక్షే. సరుకు తలకన్నా పైన, మార్పు లేని స్తంభం మీద అంటించిన పాతకాలపు పట్టీనే అలాంటిచోట ఎక్కువ నమ్మకం.

◆ బాటిల్ నీళ్ల వాడకంలో యూరప్ మొత్తానికీ ఇటలీది ముందు వరస. మనిషికి ఏటా 200 లీటర్లకు పైగా తాగేస్తారు. లేజర్ బండ్లను నీళ్ల ఫ్యాక్టరీలకు బాగా అలవాటు చేసిందీ ఆ దేశమే. రెజ్జో ఎమీలియా జిల్లాలో వియానో అనే చిన్న ఊళ్లో పుట్టిన ఈ80 కంపెనీకి లేజర్ బండ్లే ప్రధాన వ్యాపారం. ఆల్ప్స్ కొండల్లో, స్తూరా లోయలో ఉన్న వినాదియో ఊళ్లో శాంతన్నా బ్రాండు నీళ్లు నింపే ఫ్యాక్టరీ ఇలాంటి లేజర్ బండ్లకు పేరుమోసింది. కూలి రేట్లు ఎక్కువ, రాత్రి షిఫ్టుకు మనిషి దొరకడం కష్టం, పైగా ఒకే రకం సరుకు, ఒకే సైజు ప్యాలెట్. ఏజీవీ పెట్టుబడి తిరిగి రావడానికి అంతకంటే ఏం కావాలి!

◆ ఇంత తెలివైన బండిని ఏది ఆపేస్తుందో తెలుసా? ప్యాలెట్‌కు చుట్టిన ఫిల్మ్ చివరి కొస. చుట్టే యంత్రం దాన్ని సరిగ్గా అతికించకపోతే జానెడు తోక వేలాడుతుంది. ఫ్యాన్ గాలికి అది ఊగితే, అదిగో ఎవరో అడ్డొచ్చారని సెన్సర్ బండిని ఆపేస్తుంది. ఇంకా పొడుగుంటే చక్రానికి చుట్టుకుంటుంది. అప్పుడు మనిషి రావాలి, చాకుతో కొయ్యాలి, రీసెట్ నొక్కాలి. కోట్లు పెట్టి కొన్న వ్యవస్థకు ఇదో నిత్యసేవ.

ప్లాస్టిక్‌తో ఇంకో పేచీ కూడా ఉంది. నీళ్లు నింపిన పారదర్శక సీసా కాంతికి సరైన అడ్డు కాదు. కొంత కాంతి దూరిపోతుంది, కొంత వంగుతుంది, బిగుతుగా సాగిన ఫిల్మ్ మీద పడ్డది ఎటో మెరుస్తుంది. ఆ మెరుపును రిఫ్లెక్టర్ పట్టీ అనుకుంటే బండి దారి తప్పుతుంది. అందుకే మ్యాపులో లేని చోట ఏది మెరిసినా లెక్కలోకి తీసుకోవద్దని ముందే చెప్పి ఉంచుతారు. ఫోర్కు దూరే చోట విరిగిన చెక్క, పైకి లేచిన మేకు ఉన్నా బండి తడబడుతుంది. డ్రైవరైతే తల వంచి చూసి, కాస్త పక్కకు జరిపి, నెమ్మదిగా దూర్చేవాడు. ఆ ఒడుపు బండికి రాదు. కాబట్టి ఏజీవీలున్న ఫ్యాక్టరీలో పాత ప్యాలెట్లను ముందుగా తనిఖీ చేసి, విరిగినవాటిని పక్కన పడేయాల్సిందే.

◆ 70 మిల్లీమీటర్ల మందం, 400 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఒక గొట్టం. ఇంకోటి 200 మిల్లీమీటర్ల మందం, 600 మిల్లీమీటర్ల పొడవు. డ్రైవర్ లేని బండ్లను పరీక్షించేటప్పుడు ఇవి రెండూ మనుషులు. నిలబెట్టిన సన్న గొట్టం మన కాలు. అడ్డంగా పడుకోబెట్టిన లావు గొట్టం కిందపడిన మనిషి. బండి వీటిని కనిపెట్టి, తాకేలోపు ఆగాలి. డ్రైవర్ లేని పారిశ్రామిక ట్రక్కుల భద్రతకు ఇప్పుడున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3691-4. బండికీ పక్కనున్న గోడకూ మధ్య మనిషి నలిగిపోకుండా అర మీటరు ఖాళీ వదలాలన్న నిబంధన కూడా అందులో ఉంది.

నేలకు జానెడు ఎత్తున ఉండే సేఫ్టీ స్కానర్ ముందు రెండు కనపడని హద్దులు గీసుకుంటుంది. దూరపు హద్దులోకి ఎవరైనా వస్తే బండి వేగం తగ్గిస్తుంది, దగ్గరి హద్దులోకి వస్తే ఆగిపోతుంది. వేగం పెరిగే కొద్దీ ఈ హద్దులు ముందుకు జరుగుతాయి. నీళ్ల ఫ్యాక్టరీలో ఫిల్లర్ చుట్టుపక్కల నేల ఎప్పుడూ తడే. తడి నేల మీద బ్రేకు వేశాక బండి ఇంకాస్త దూరం జారుతుంది కాబట్టి అక్కడ దాన్ని మెల్లగా నడిపిస్తారు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు దాని ముందు కాలు పెట్టి చూడాలన్న సరదా పుట్టడం మామూలే. బండి ఆగుతుంది, సూపర్‌వైజర్ ఆగడు.

◆ జపాన్ ఫ్యాక్టరీల్లో ఏజీవీలు పాటలు పాడుకుంటూ తిరుగుతాయి. బీప్ బీప్ అని రోజంతా మోగితే చెవులు దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తాయి. చిన్న రాగమైతే, పైగా ఒక్కో బండిది ఒక్కో రాగమైతే, వెనక నుంచి వస్తున్నది ఏ బండో తల తిప్పకుండానే తెలుస్తుంది.

◆ గ్యాస్ లేని మామూలు నీళ్ల సీసా మూత తిప్పినప్పుడు ఒక్కోసారి సన్నగా ‘స్‌స్’ మంటుంది, గమనించారా? అది నైట్రోజన్. మూత బిగించడానికి క్షణం ముందు సీసాలో ఒక చుక్క ద్రవ నైట్రోజన్ వేస్తారు. అది వాయువైతే దాదాపు 700 రెట్లు పెరుగుతుంది. మూత పడటంతో బయటికి పోలేక సీసాను లోపలి నుంచి బిగిస్తుంది.

దీనికీ ఏజీవీకీ సంబంధమేమిటంటే, సీసాలు ఏటేటా పలచబడుతున్నాయి. అమెరికాలో అరలీటరు సీసా బరువు 2000లో దాదాపు 19 గ్రాములుంటే 2011కల్లా 10 గ్రాముల లోపుకు దిగింది. చేత్తో నొక్కితే సొట్టపడే అంత పలచని సీసాల మీద నాలుగైదు వరుసలు, ఆ ప్యాలెట్ మీద ఇంకో ప్యాలెట్. కింది వరుస కుంగకుండా నిలబెట్టేది లోపలి నీళ్లూ ఆ నైట్రోజన్ ఒత్తిడీనే. ఇలాంటి సరుకును కుదుపులతో మోస్తే ప్యాలెట్ ఒరుగుతుంది. ఏజీవీ ప్రతిసారీ ఒకే తీరుగా కదులుతుంది, ఒకే తీరుగా వేగం తగ్గిస్తుంది, ఒకే ఎత్తున దించుతుంది. డ్యూటీ దిగే వేళ తొందర దానికి ఉండదు. బండి అసలు గొప్పతనం వేగంలో కాదు, ఇందులోనే ఉందని నేనంటాను.

◆ సీసాలు ఫ్యాక్టరీకి సీసాలుగా రావు. వేలెడంత మందపు గొట్టాల్లా, మెడా మరలూ మాత్రం పూర్తిగా తయారై వస్తాయి. వాటిని ప్రీఫామ్‌లంటారు. వాటిని వేడిచేసి, లోపల కడ్డీ పెట్టి సాగదీసి, గట్టి ఒత్తిడితో గాలి ఊదితే అచ్చులో సీసా ఉబ్బుతుంది. ఖాళీ సీసాలను లారీలో తేవడమంటే గాలికి కిరాయి కట్టినట్టే. అదే లారీలో ప్రీఫామ్‌లైతే పది రెట్లకు పైగా పడతాయి. ఈ ప్లాస్టిక్ సీసాకు 1973లో పేటెంటు పొందిన నథానియెల్ వైయెత్, అమెరికాలో పేరున్న చిత్రకారుడు ఆండ్రూ వైయెత్‌కు అన్న. తండ్రీ చిత్రకారుడే. ఈయనొక్కడే ఇంజినీరింగ్ వైపు వెళ్లి డ్యూపాంట్ కంపెనీలో చేరాడు.

ప్రీఫామ్ పెట్టెలు, మూతల అట్టపెట్టెలు, లేబులు చుట్టలు, ఫిల్మ్ రోల్స్ లైన్‌కు చేర్చేదీ ఏజీవీలే. ఫిల్మ్ రోల్ అయిపోవస్తోందని యంత్రమే కబురు పెడుతుంది, బండి కొత్త రోల్ తెస్తుంది.

◆ మూడు మిల్లీమీటర్లు పెద్ద తేడానా? ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య మీటరు దూరం ఉందనుకోండి. నేల ఒకవైపు మూడు మిల్లీమీటర్లు పల్లంగా ఉంటే, ఎనిమిది మీటర్ల ఎత్తున ఫోర్కు 24 మిల్లీమీటర్లు పక్కకు ఒరుగుతుంది. ఎత్తయిన అరల గోడౌన్‌లో బండి కొనేముందు నేల కొలిపించేది అందుకే.

◆ 1990 ఫిబ్రవరిలో పెరియే అనే ఫ్రెంచి నీళ్ల కంపెనీ ప్రపంచమంతటి నుంచీ 16 కోట్ల సీసాలను వెనక్కి తెప్పించింది. అమెరికాలో నార్త్ కరొలినాలోని ఒక ల్యాబులో ఆ నీళ్లలో బెంజీన్ ఆనవాళ్లు బయటపడ్డాయి. ఊటలో తప్పు లేదు, ఫ్యాక్టరీలో వేళకు మార్చని ఫిల్టర్ల వల్ల వచ్చిన తంటా అది. ఏ సీసా ఏ బ్యాచో, ఎక్కడికి వెళ్లిందో వేరుచేసి చెప్పగలిగితే కొంతవరకే వెనక్కి తెప్పించుకోవచ్చు. చెప్పలేకపోతే మొత్తం తెప్పించాలి.

ఇప్పుడు ప్యాలెట్‌కు అంటించే స్టిక్కర్ మీద 18 అంకెల నంబరు ఉంటుంది. ఫలానా లైన్, ఫలానా గంట, గోడౌన్‌లో ఫలానా వరుస అని ఏజీవీ దించిన క్షణానే కంప్యూటర్‌లో నమోదైపోతుంది. సూక్ష్మజీవుల పరీక్ష ఫలితం రావడానికి రోజులు పడుతుంది కాబట్టి, ఫలితం వచ్చేదాకా ఆ బ్యాచ్‌ను కదపొద్దని కంప్యూటర్ అడ్డుకుంటే ఏ బండీ దాని జోలికి పోదు. మనుషులు నడిపే గోడౌన్‌లో అయితే లారీ వాకిట్లో హారన్ కొడుతుంటే, దగ్గర్లో ఉన్న ప్యాలెట్ ఎక్కించేసి పంపించాలన్న ఆత్రం పుడుతుంది.

◆ నీళ్ల సీసాల పక్కన పెట్రోలు డబ్బా, పెయింటు డబ్బా ఉంచకూడదని ఎందుకంటారు? సీసా మూసే ఉన్నా ఈ ప్లాస్టిక్ గుండా కొన్ని ఆవిర్లు నెమ్మదిగా లోపలికి దూరగలవు, నీళ్లకు వాసన పడుతుంది. ఏజీవీలు బ్యాటరీతో నడుస్తాయి కనుక నీళ్లకు పొగ వాసన పట్టే బాధ లేదు. పాతరకం లెడ్ యాసిడ్ బ్యాటరీలను చార్జ్ చేసేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది, అందుకని గాలి ఆడే గది వేరుగా కావాలి. లిథియం బ్యాటరీలు వచ్చాక ఆ గది అక్కర్లేకపోయింది. కాస్త తీరిక దొరికితే చాలు, బండే వెళ్లి నేల మీది రాగి పలకల మీద నిలబడి నాలుగు నిమిషాలు చార్జ్ ఎక్కించుకుని వస్తుంది.

◆ మరి మన దగ్గర? ఆంధ్రప్రదేశ్‌లోగానీ తెలంగాణలోగానీ ఊరి చివర కనిపించే వాటర్ ప్లాంట్లలో ఎక్కువ భాగం 20 లీటర్ల క్యాన్లు నింపేవే. ట్రాలీ ఆటో వెనక్కి రివర్స్ చేసుకొస్తుంది, కుర్రాడు భుజాన క్యాన్ వేసుకుని ఎక్కిస్తాడు. అక్కడ ఏజీవీకి పనేలేదు. సీసాలు నింపే ఓ మోస్తరు ప్లాంటులో సంగతి వేరు. లైన్ చివర కేసులు వేడివేడిగా, ఫిల్మ్ ఇంకా మెత్తగా ఉండగానే వస్తుంటాయి. హమాలీలు చెరో రెండు కేసులు, అంటే దాదాపు పాతిక కిలోలు, ఎత్తి లారీలో ఉన్నవాడికి అందిస్తారు. కూలి కేసుకు ఇంత అని.

కూలి చవక కాబట్టి మన దగ్గర యంత్రం రాలేదంటారు. అది సగమే నిజం. మిగతా సగం కారణం ప్యాలెట్. ఏజీవీ ప్యాలెట్‌నే ఎత్తగలదు, విడి కేసును ఎత్తలేదు. మన లారీలో సరుకు నేల నుంచి పైదాకా విడి కేసులుగా నింపుతారు. ప్యాలెట్ పెడితే దాని బరువు, అది తినే జాగా రెండూ కిరాయిలోకే వస్తాయి. అదీగాక లారీ డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌కు చేరాక దించడానికి అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ ఉండదు, ఖాళీ ప్యాలెట్ తిరిగి వస్తుందన్న పూచీ కూడా ఉండదు. కాబట్టి ఇక్కడి పెద్ద ప్లాంటులో ఏజీవీ పెట్టినా గోడౌన్ గుమ్మం దాకానే దాని రాజ్యం. గుమ్మం దగ్గర ఫిల్మ్ కోసి, ప్యాలెట్ విప్పి, మళ్లీ కేసు తరవాత కేసు చేతులతోనే లారీ ఎక్కించాలి. యూరప్‌లోనైతే ఏజీవీలే లారీలోకి వెళ్లి ప్యాలెట్లు దించి వచ్చే ఏర్పాట్లున్నాయి.

ప్యాలెట్లను అద్దెకిచ్చి, ఖాళీవి తామే ఏరుకుని తెచ్చుకునే కంపెనీలు ఇప్పుడు మన దేశంలోనూ నడుస్తున్నాయి. సబ్బులు, బిస్కెట్లు లాంటి ధర పలికే సరుకు ఆ అద్దెను భరించగలదు. లీటరు 14 రూపాయల సరుకు భరించాలంటే మాత్రం కొట్టువాడి నుంచి కంపెనీ దాకా అందరూ కూర్చుని కొత్త లెక్క వేసుకోవాలి.